రిటైరయ్యేవారికి చేత్తో చేసే గ్రీటింగ్ కార్డు: తరచుగా అడిగే ప్రశ్నలు

రిటైరయ్యేవారికి కార్డు చేద్దామని కూర్చున్నవారికి దాదాపు ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. పని జరిగే వరుసలో వాటిని ఇక్కడ చేర్చాం. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. కార్డు అందుకున్నవారు పై బొమ్మను చూసి మురిసిపోతారు, కానీ ఏళ్లు గడిచాక తీసి చదువుకునేది లోపలి రాతలనే. అందుకే ఈ సమాధానాలు లోపలి పేజీల వైపు కాస్త ఎక్కువ మొగ్గుతాయి.

## మొదలుపెట్టే ముందు

ఎన్ని రోజుల ముందు మొదలుపెట్టాలి?

మీరొక్కరే ఇచ్చే కార్డయితే రెండు సాయంత్రాలు చాలు. మొదటి రోజు కోత, మడత, అతికింపు పూర్తిచేసి రాత్రంతా బరువు కింద ఆరనివ్వాలి. రెండో రోజు రాత. అందరూ సంతకాలు పెట్టే కార్డుకు మాత్రం రెండు వారాలు కావాలి. అంత సమయం పట్టేది చేయడానికి కాదు, చేతులు మారడానికి. సెలవులో ఉన్నవారు, వేరే షిఫ్టువారు, "రేపు రాసిస్తా" అని సొరుగులో పెట్టేసేవారు ప్రతిచోటా ఉంటారు. వీడ్కోలు సభకు మూడు రోజుల ముందే సంతకాలు ముగిసేలా గడువు పెట్టుకోండి.

కార్డు ఏ సైజులో చేయాలి? ఎంతమంది సంతకాలు పడతాయి?

పేరు, రెండు వరుసల మాట పట్టాలంటే ఒక్కొక్కరికి కనీసం 6 సెం.మీ. వెడల్పు, 3 సెం.మీ. ఎత్తు జాగా కావాలి. ఏ4 షీటు (210 × 297 మి.మీ.) సగానికి మడిస్తే ఏ5 కార్డవుతుంది. చుట్టూ 1 సెం.మీ. అంచు వదిలితే ఒక్కో పేజీలో రెండు నిలువు వరుసలు, ఆరు అడ్డ వరుసలు వస్తాయి, అంటే పన్నెండు మంది. ఎదురు పేజీలో సగం అసలు సందేశానికి పోతుంది కాబట్టి పద్దెనిమిది మంది దాకా సౌకర్యంగా రాయొచ్చు. అంతకు మించితే ఏ3 షీటు మడిచి ఏ4 కార్డు చేయండి, పేజీకి ఇరవై ఏడు మంది పడతారు. ఒక్కరే ఇచ్చే కార్డుకు ఏ4 షీటును రెండుగా కోసి, ఆ ముక్కను మడిస్తే (ఏ6) ముచ్చటగా ఉంటుంది.

మామూలు చార్ట్ పేపర్ సరిపోతుందా? ఎంత మందం ఉండాలి?

పల్చటి చార్ట్ పేపర్‌తో చేసిన కార్డు నిలబెడితే నడుము వంగిపోతుంది. కాగితం మందాన్ని జీఎస్ఎంలో చెబుతారు, అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. జిరాక్స్ కాగితం 70–80 జీఎస్ఎం ఉంటుంది. కార్డు అట్టకు 220 నుంచి 300 జీఎస్ఎం తీసుకోండి. లోపల రాయడానికి పెట్టే కాగితం 100–120 ఉంటే చాలు. పైన అతికించే రంగు ముక్కలకు 120–160 సరిపోతుంది, అంతకంటే మందమైతే పొరలు పెరిగి కార్డు మూసుకోదు. వాటర్ కలర్‌తో బొమ్మ వేసేటట్లయితే 300 జీఎస్ఎం వాటర్ కలర్ పేపర్ మీద విడిగా వేసి, ఆరాక కార్డుకు అతికించండి. నేరుగా కార్డు అట్ట మీద వేస్తే అలలు తేలుతుంది.

గడియారం, పడక్కుర్చీ తప్ప బొమ్మ ఏదీ తోచడం లేదు. ఏం వేయాలి?

ఆ రెండూ వదిలేయండి. అవి ఎవరి కార్డు మీదైనా ఇమిడిపోతాయి, అందుకే ఎవరివీ కాకుండా పోతాయి. ఆ మనిషి చేతిలో రోజూ కనిపించిన వస్తువును ఎంచుకోండి: టీచరయితే సుద్దముక్క, డస్టరు, నర్సయితే చేతి గడియారం పెట్టుకునే జేబు, అకౌంటెంటయితే ఎరుపు, నీలం గీతల లెడ్జరు పేజీ, డ్రైవరయితే స్టీరింగు. అచ్చు గుద్దినట్టు గీయక్కర్లేదు. లెడ్జరు పేజీని ఉదాహరణగా తీసుకోండి. లేత పసుపు కాగితం మీద 8 మి.మీ. ఎడంతో సన్నటి నీలం గీతలు, ఎడమవైపు నిలువుగా రెండు ఎర్ర గీతలు, "వివరాలు" అన్న గడిలో ఆయన చేసిన పనులు నాలుగు, చివర "మొత్తం" దగ్గర సర్వీసు సంవత్సరాలు. గీత గీయడం రానివారు కూడా స్కేలుతో చేయగలిగిన పని ఇది, పైగా ఆ ఒక్క మనిషికే నప్పుతుంది.

సర్వీసు సంవత్సరాల అంకె వేస్తుంటే మాత్రం ఇంట్లోవారిని అడిగి సరిచూసుకోండి. ఒక ఏడాది తక్కువ పడితే అందరికంటే ముందు కనిపెట్టేది ఆయనే.

## కోత, మడత

మడత పెట్టినచోట అట్ట పగిలి తెల్లగా కనిపిస్తోంది. ఎందుకు?

కాగితంలో పీచు ఎక్కువగా ఒకే దిశలో పడుకుని ఉంటుంది. ఆ దిశ వెంట మడిస్తే మడత సాఫీగా వస్తుంది, అడ్డంగా మడిస్తే పీచు తెగి పగులుతుంది. దిశ తెలుసుకోవడానికి షీటును మడవకుండా మెల్లగా వంచి చూడండి. ఒకసారి పొడవు వైపు, ఒకసారి వెడల్పు వైపు. ఏ వైపు తేలిగ్గా వంగితే ఆ వంపుకు సమాంతరంగా పీచు ఉన్నట్టు. చాలా ఏ4 షీట్లలో పీచు పొడవు వెంట ఉంటుంది, అందువల్ల సగానికి మడిచినప్పుడు అడ్డం పడుతుంది. అదే ఏ4ను రెండుగా కోసి ఆ ముక్కను మడిస్తే పీచు వెంటే మడత పడుతుంది.

అడ్డంగా మడవక తప్పనప్పుడు ముందు గాడి తీయాలి. స్టీలు స్కేలు ఆనించి, ఇంకు అయిపోయిన బాల్ పెన్నుతో రెండుమూడుసార్లు గట్టిగా గీయండి. గాడి పడిన ముఖం కార్డు బయటివైపు రావాలి, వెనక పొంగిన గట్టు మడత లోపలికి పోవాలి. చాలామంది దీన్ని తిరగేసి గాడి లోపలికే మడుస్తారు, పగుళ్లకు సగం కారణం అదే. మడిచాక, మడత నొక్కడానికి వాడే చదునైన పుల్ల బోన్ ఫోల్డర్‌తో గానీ స్పూను వెనక భాగంతో గానీ రుద్దేటప్పుడు పైన పల్చటి కాగితం వేయండి, లేకపోతే అట్ట మీద మెరుపు చారలు పడతాయి.

కట్టర్‌తో కోస్తే అంచు చిరుగులు చిరుగులుగా వస్తోంది.

బ్లేడు మొద్దుబారింది. మొన కాస్త విరిచి కొత్త పదును తెచ్చుకోండి. 300 జీఎస్ఎం అట్టను ఒక్క లాగుడుకు కోయబోతే స్కేలు జరుగుతుంది, వేలూ తెగుతుంది. తేలిక చేత్తో మూడుసార్లు లాగండి, మొదటిసారి దారి పడితే చాలు. ప్లాస్టిక్ స్కేలు వాడితే బ్లేడు దాని అంచునే కొరికేస్తుంది, స్టీలుదే వాడాలి.

తెరవగానే బొమ్మ లేచి నిలబడాలి. కానీ కార్డు మూస్తే బొమ్మ బయటికి పొడుచుకొస్తోంది.

లెక్క తప్పింది, అంతే. లోపలి కాగితాన్ని సగానికి మడిచి, మడత అంచు నుంచి లోపలికి సమాన పొడవున రెండు కోతలు పెడతాం. ఒక్కో కోత 4 సెం.మీ., రెండింటి మధ్య 3 సెం.మీ. అనుకోండి. కోతల చివర్లను కలుపుతూ గాడి తీసి, ఆ పట్టీని లోపలికి నెడితే చిన్న మెట్టులా లేస్తుంది. ఆ మెట్టు ముందు ముఖానికి బొమ్మ అతికిస్తాం. కార్డు మూసినప్పుడు బొమ్మ పై అంచు మడత నుంచి ఎంత దూరం వెళ్తుందంటే, కోత పొడవుకు బొమ్మ ఎత్తు కలిపినంత. ఈ మొత్తం పేజీ కొలత కంటే కనీసం 5 మి.మీ. తక్కువ ఉండాలి. ఏ4 మడిచిన కార్డులో మడత నుంచి అంచుకు 148 మి.మీ. ఉంటుంది. కోత 40 మి.మీ. అయితే బొమ్మ 100 మి.మీ. దాటకూడదు.

జిగురు మెట్టు ముఖానికి మాత్రమే తగలాలి. బొమ్మ అడుగు కింది పేజీకి అంటుకుంటే కార్డు తెరిచేటప్పుడు చిరుగుతుంది. కోసిన రంధ్రం వెనక నుంచి కనిపించకుండా ఈ కాగితాన్ని ఇంకో అట్టలో అతికించాలి. అప్పుడూ మెట్టు వెనక భాగానికి జిగురు రాయకండి.

## అతికించడం, అలంకరణ

తెల్ల జిగురు రాశాక కార్డు వంకర తిరిగింది. ఇప్పుడేం చేయాలి?

తెల్ల జిగురులో నీళ్లుంటాయి. ఆ తడికి పీచు ఉబ్బి, ఆరేటప్పుడు మళ్లీ ముడుచుకుంటుంది, ఆ లాగుడుకు అట్ట వంగుతుంది. ఇప్పటికే వంగిపోతే, రెండు వైపులా బటర్ పేపర్ పెట్టి, పైన బరువైన పుస్తకాలు వేసి రాత్రంతా ఉంచండి. అప్పటికీ సరికాకపోతే, వంగిన పేజీ రెండో వైపున అదే సైజు కాగితం అదే జిగురుతో అతికించండి. రెండు వైపుల లాగుడు సమానమై అట్ట నిటారుగా వస్తుంది. ఇకముందు పెద్ద ముక్కలకు డబుల్ సైడ్ టేపు వాడండి, తెల్ల జిగురును చిన్న ముక్కలకే ఉంచుకోండి. టూత్‌పిక్ కొసతో పెట్టిన చుక్క ఒక కాగితపు పువ్వు రేకకు సరిపోతుంది. గ్లూ స్టిక్ పల్చటి కాగితానికి బాగుంటుంది గానీ అంచుల దాకా రాయకపోతే కొన్నాళ్లకు మూలలు లేస్తాయి. ఫెవిక్విక్ లాంటివి కాగితం జోలికి తేవద్దు, మరక వెనక్కి దిగుతుంది.

పాత ఫోటో ఉంది. నేరుగా అతికించేయొచ్చా?

అసలు ఫోటో వద్దు, కాపీ తీయించి వాడండి. తడి జిగురు తగిలితే ఇంక్‌జెట్ ప్రింటులో రంగు చెదురుతుంది కాబట్టి టేపు గానీ, నాలుగు మూలలకు కాగితపు త్రికోణాలు గానీ పెట్టండి. మూలల పద్ధతిలో ఇంకో లాభం ఉంది, కావాలంటే ఫోటో బయటికి తీసుకోవచ్చు. పాత పత్రికల కత్తిరింపులు త్వరగా పసుపెక్కి పెళుసవుతాయి. వాటికీ మంచి కాగితం మీద కాపీనే మేలు.

గ్లిటర్ చల్లితే కళగా ఉంటుందా?

చల్లిన రోజు ఉంటుంది. ఆ తర్వాత బట్టల మీదికి, లోపలి రాతల మీదికి రాలుతూనే ఉంటుంది. మెరుపు కావాలంటే బంగారు రంగు జెల్ పెన్నుతో అంచు గీయండి, లేదా మెరిసే కాగితం సన్నటి పట్టీ కోసి పెట్టండి.

## పైన రాసే అక్షరాలు

తెలుగులో పెద్దగా రాస్తుంటే కింది వరుస పై వరుస మీదికి ఎక్కుతోంది.

మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. కొమ్ములు, దీర్ఘాలు పక్కకు సాగుతాయి. అందుకని అక్షరం ఎత్తు ఒక్కటే చూసి గీతలు గీసుకుంటే చాలదు. అక్షరం ఎత్తు 10 మి.మీ. అనుకుంటే, వరుసకు వరుసకు మధ్య 25 మి.మీ. చొప్పున పెన్సిలు గీతలు గీసుకోండి. అయితే అన్నిచోట్లా ఇంత అక్కర్లేదు. "పదవీ విరమణ" అన్న వరుసలో ఒక్క ఒత్తు కూడా లేదు, దాని కింద "శుభాకాంక్షలు" కాస్త దగ్గరగా రాసినా తగలదు. "ఆరోగ్యంగా, సంతృప్తిగా" లాంటి వరుస కింద మాత్రం దూరం తప్పనిసరి.

మధ్యకు రావాలంటే ముందు చిత్తు కాగితం మీద అదే సైజులో రాసి, ఆ పట్టీని సగానికి మడిచి మధ్య గుర్తు పెట్టుకోండి. ఆ గుర్తును కార్డు మధ్య గీతకు కలిపి, అక్కణ్నుంచి మొదటి అక్షరం ఎక్కడ పడుతుందో చుక్క పెట్టండి. అక్షరాలు లెక్కపెట్టి మధ్య చూసుకోవడం తెలుగులో పనిచేయదు. "కాం" పట్టినంత చోటు "ర"కు అక్కర్లేదు కదా. విరమణలో "ణ", శుభాకాంక్షల్లో "భా" దీర్ఘం, పదవీలో "వీ" దీర్ఘం: ఎక్కువ తప్పులు దొర్లేది ఈ మూడు చోట్లే.

రంగు కాగితంతో అక్షరాలు కత్తిరించి అతికించాలనుకుంటున్నా. ఏం చూసుకోవాలి?

2.5 సెం.మీ. కంటే చిన్న అక్షరాలు పెట్టుకోకండి. మన లిపి అంతా గుండ్రం కాబట్టి కత్తెరను కదలకుండా పట్టుకుని కాగితాన్ని తిప్పాలి, అప్పుడే వంపు నున్నగా వస్తుంది. అక్షరం లోపలి ఖాళీలను బయటి గీత కంటే ముందే కట్టర్‌తో తీసేయండి. బయట ముందు కోసేస్తే పట్టుకోవడానికి చోటుండదు. సున్నా, విడిగా ఉండే ఒత్తులు వేరు ముక్కలై పడతాయి, వాటిని ఏ అక్షరానివో ఆ అక్షరం పక్కనే పెట్టుకుంటూ పోవాలి. అతికించే ముందు మాటంతా పరిచి ఫోటో తీసుకుంటే సరి.

కంప్యూటర్లో టైపు చేసి మందపు అట్ట మీద ప్రింట్ తీస్తే అక్షరాలు విడిపోయాయి, ఇంకు అలుక్కుపోయింది.

రెండింటికీ కారణాలు వేరు. ప్రింట్ తీసే కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోతే ఒత్తులు, గుణింతాలు విడిపోతాయి. పీడీఎఫ్‌గా మార్చి తీసుకెళ్తే ఆ బాధ ఉండదు. ఇక ఇంకు అలుక్కుపోవడం ఎక్కువగా నున్నటి పూత ఉన్న అట్ట మీద ఇంక్‌జెట్ ప్రింటర్ వాడినప్పుడు జరుగుతుంది. పూత లేని అట్ట తీసుకోండి, సెట్టింగుల్లో మందపు కాగితం ఎంచుకోండి, వెనక ట్రే ఉంటే అందులోంచి పెట్టండి.

## లోపలి మాటలు

లోపల ఏం రాయాలో తెలియడం లేదు. "శేష జీవితం ఆనందంగా గడపాలి" అని రాస్తే చాలా?

"శేష జీవితం" వద్దు. చదివేవారికి మిగిలింది కొంచెమే అన్నట్టు వినిపిస్తుంది. "ఇక విశ్రాంతి తీసుకోండి" కూడా ఆలోచించి రాయండి, చాలామంది ఎన్నో పనులు మనసులో పెట్టుకుని రిటైరవుతారు. మంచి సందేశంలో ఒక్క నిర్దిష్టమైన సంగతి ఉంటుంది. "మీ సేవలు మరువలేనివి" అన్నది ఎవరికైనా రాయొచ్చు. "నేను చేరిన కొత్తలో నా మొదటి రిపోర్టు మొత్తం పక్కన కూర్చుని దిద్దించారు, ఇప్పటికీ అలాగే రాస్తున్నా" అన్నది ఆయనకొక్కరికే రాయగలం. ముందు ఆ సంగతి, తర్వాత దానివల్ల మీకు జరిగిన మేలు, చివర ఒక శుభాకాంక్ష. మూడు వాక్యాలు చాలు.

ఆమెతో నాకు పెద్దగా పరిచయం లేదు. ఏం రాయను?

లేని చనువు నటించకండి. మీరు కళ్లతో చూసింది రాయండి. "ఉదయం వచ్చేసరికి మీ టేబుల్ దగ్గర లైటు వెలుగుతూ ఉండేది, ఇకనుంచి వెలితిగా ఉంటుంది మేడమ్" అంటే నిజంగా ఉంటుంది.

ఆరోగ్యం బాగాలేక ముందే రిటైరవుతున్నారు. ఆ విషయం ప్రస్తావించాలా?

వద్దు. ఆ సంగతి ఆయనకు తెలుసు, కార్డు పదిమంది చేతుల్లో తిరుగుతుంది. "త్వరగా కోలుకోవాలి" అని రాస్తే అది రిటైర్మెంట్ కార్డు కాకుండా పోతుంది. చేసిన పని గురించి రాయండి, కలుస్తూ ఉంటామని రాయండి. నిజంగా వెళ్లి కలిసే ఉద్దేశం ఉంటేనే. తప్పనిసరై వెళ్లిపోతున్నవారికి "స్వేచ్ఛ దొరికింది" లాంటి మాటలు నొప్పిస్తాయి, వయసు మీద వేసే జోకులు మరీ.

## అందరి సంతకాలు

మేం నలభై మందికి పైగా ఉన్నాం. ఒక్క కార్డులో ఎలా?

కార్డులోపల చిన్న పుస్తకంలా కుట్టేయండి. 120 జీఎస్ఎం కాగితాలు నాలుగు సగానికి మడిచి ఒకదాన్లో ఒకటి పెడితే పదహారు పేజీలు. మడత వెంట మధ్యలో ఒకటి, రెండు చివర్ల నుంచి 4 సెం.మీ. లోపలికి ఒక్కోటి, మొత్తం మూడు రంధ్రాలు కార్డు అట్టతో కలిపి పొడవండి. సూది లోపలి నుంచి మధ్య రంధ్రంలో బయటికి తీసి, పై రంధ్రంలోంచి లోపలికి తెచ్చి, లోపలే కిందిదాకా లాగి కింది రంధ్రంలోంచి బయటికి తీసి, మళ్లీ మధ్య రంధ్రంలోంచి లోపలికి తేవాలి. లోపల పొడుగ్గా పడిన దారానికి చెరోపక్క రెండు కొసలూ ఉంచి ముడి వేస్తే కదలదు. లోపలి కాగితాలు కొద్దిగా బయటికి పొడుచుకొస్తాయి, కుట్టాక అంచు సమంగా కోయండి. లేదంటే ముందే కార్డు కంటే అన్నివైపులా 5–6 మి.మీ. చిన్నగా పెట్టుకోండి.

కార్డు మీద నేరుగా రాయించాలా, విడి కాగితం మీదా?

విడి కాగితం మీదే. తెరిచిన ఏ5 కార్డుకు (297 × 210) 285 × 198 మి.మీ. కాగితం మడిచి, సంతకాలన్నీ అందులో పెట్టించి, చివర్లో మడత వెంట సన్నటి టేపుతో కార్డులో అతికించండి. కాగితం మీద టీ ఒలికినా, ఎవరైనా కొట్టివేతలు పెట్టినా మీ కార్డు భద్రంగా ఉంటుంది. పైగా ఫైలు మధ్యలో పెట్టి తిప్పడం తేలిక, రిటైరయ్యేవారి కంట పడదు.

ఆ కాగితంతోపాటు రెండు పెన్నులు కూడా పంపండి, పిగ్మెంట్ ఇంకు (తడికి చెదరని రకం) ఉన్న 0.5 మి.మీ. సన్న పెన్నులైతే మేలు. ఎవరి జేబులో ఉన్నది వారు తీస్తే ఒకరి స్కెచ్ పెన్ను వెనక పేజీకి దిగుతుంది, ఇంకొకరి జెల్ పెన్ను పక్కవారి అరచేతికి అంటుకుంటుంది. మొదటి సంతకం ఎవరైనా మధ్యలో పెద్దగా పెట్టారంటే మిగతావారంతా మూలలు వెతుక్కోవాలి, కాబట్టి మీరే ముందు ఒక మూలలో చిన్నగా రాసి పంపండి.

దూరంగా ఉన్న పాత సహోద్యోగుల మాటలు ఎలా చేర్చాలి?

టైపు చేసి పంపమనకండి, చేతిరాతే కావాలి. తెల్ల కాగితం మీద నల్ల పెన్నుతో రాసి, పగటి వెలుతురులో, నీడ పడకుండా నేరుగా పైనుంచి ఫోటో తీసి పంపమనండి. ప్రింట్ తీసి 6 × 3 సెం.మీ. చీటీగా కోసి అతికించండి. చీటీలు ఎక్కువైతే వెనక అట్ట లోపలివైపు మూడు అంచులు అతికించిన కాగితపు జేబు పెట్టి అందులో వేయండి.

## కవరు, అందజేత

కార్డుకు తగిన కవరు దొరకడం లేదు. నేనే చేయొచ్చా?

ఏ5 కార్డుకు సి5 కవరు (162 × 229), ఏ6కు సి6 (114 × 162) సరిపోతాయి. కార్డు మీద ఫోమ్ టేపుతో (రెండు వైపులా అంటుకునే మందపాటి మెత్తని టేపు) ఎత్తు పెంచి ఉంటే అవి పట్టవు, ఒక పొర 2 మి.మీ. అయినా రెండు పొరలకు కవరు బిగుసుకుపోతుంది. ఇంట్లో చేసేటట్లయితే ఏ5 కార్డుకు 260 × 350 మి.మీ. కాగితం కావాలి. వెడల్పులో 220 కవరుకు, రెండు పక్కలా 20 చొప్పున అతికింపు రెక్కలకు. ఎత్తులో ముందు భాగం 155, వెనక 135, పై మూత 60. ఎత్తు పెంచిన కార్డయితే మడతల దగ్గర ఒక గాడికి బదులు 5 మి.మీ. ఎడంతో రెండు గాళ్లు తీయండి, కవరుకు మందం వస్తుంది. ఒక్కో మడతకు ఆ 5 మి.మీ. కాగితంలో అదనంగా వదలాలి.

పోస్టులో పంపాలి. నలగకుండా ఎలా?

రెండు వైపులా గట్టి అట్టముక్కలు పెట్టి, పైన ప్లాస్టిక్ కవరులో వేసి, ఆపైన పెద్ద కవరులో పెట్టండి. లేచే బొమ్మ ఉన్న కార్డు అయితే పూర్తిగా మూసి చదునుగా ఉందో లేదో తడిమి చూసుకున్నాకే పంపాలి.

అంతా అయిపోయాక పేరులో తప్పు కనిపించింది!

గీకొద్దు, వైట్‌నర్ అసలే వద్దు. పేరున్న చోటుకు సరిపడా వేరే రంగు కాగితం పట్టీ కోసి, దాని మీద పేరు సరిగ్గా రాసి, ఇంకు ఆరాక డబుల్ సైడ్ టేపుతో పైన అతికించండి. ఒక్క పట్టీయే ఉంటే అతుకులా కనిపిస్తుంది, అదే రంగు సన్నటి పట్టీ కార్డు కింది అంచున ఇంకోటి పెడితే రెండూ అలంకరణలో కలిసిపోతాయి.